గోడ మీది ఫోన్

మాది నందిపేట్ దగ్గర పల్లె. వడ్ల కొనుగోలు కేంద్రంలో రైతుల వివరాలు ట్యాబ్‌లో ఎక్కించడం నా పని. అక్కడ సిగ్నల్ ఉండదు, పంచాయతీ వైఫై అక్కడిదాకా రాదు. పంచాయతీ ఆఫీసుకూ కేంద్రానికీ మధ్యలో ఉన్న గోడ మీద నా ఫోన్ పెడితే, అది వైఫై అందుకుని హాట్‌స్పాట్‌తో ట్యాబ్‌కు ఇచ్చేది.

పోయిన యాసంగి పంట కోతలప్పుడు ఆ పాత ఫోన్ మార్పిడికి ఇచ్చేసి నిజామాబాద్‌లో కొత్తది కొన్నాను. "వైఫై నడుస్తుంటే హాట్‌స్పాట్ గూడ నడుస్తదా అన్నా?" అని రెండుసార్లు అడిగాను. "మస్తు నడుస్తది అక్కా" అన్నాడు దుకాణదారు.

మర్నాడు మబ్బు పట్టింది. గోడ మీద కొత్త ఫోన్ పెట్టి హాట్‌స్పాట్ నొక్కగానే వైఫై ఆగిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా అంతే. వివరాలు ఎక్కనిదే వడ్లు లారీ ఎక్కవు. ఇంతలో వాన దంచికొట్టింది. లచ్చవ్వ అనే రైతు వడ్ల కుప్ప కళ్లముందే తడిసిపోయింది.

"పని రాకుంటే గీడ ఎందుకు కూసున్నవ్ బిడ్డా?" అందామె, అందరి ముందూ. తల కొట్టేసినట్టయింది.

నాలుగో రోజు, మొలకెత్తిన ఆ వడ్లు గుప్పెడు తీసుకెళ్లి దుకాణదారు కౌంటర్ మీద పోశాను.

"గివన్నీ ఎవ్వలు అడగరక్కా" అన్నాడు.

"నేను అడిగిన గదా. రెండుసార్లు అడిగిన."

అతను వడ్లు చేత్తో కిందికి తోసేశాడు. ఆ చెయ్యి గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఊళ్లో మాత్రం పని రానిదాన్ని నేనే.