పోటుకు కొట్టుకుపోయిన చెప్పులు

మా అమ్మాయి స్కూలు వాళ్లు పిల్లల్ని కాకినాడ దగ్గరి మడ అడవికి తీసుకుపోతున్నారట. పంపుతామో లేదో రేపు పొద్దున చెప్పాలి. సాయంత్రమంతా అది నా కొంగు వదల్లేదు. "అమ్మా, ఉప్పునీళ్లల్ల చెట్లెట్ల ఉంటయే? జర పంపు, ప్లీజ్!" నీళ్లు, పడవ, బురద అనుకుంటే భయమేస్తోంది కానీ, ఇది రాయడానికి కూర్చుంటే నవ్వూ వస్తోంది, ఎందుకంటే డిగ్రీలో ఉన్నప్పుడు అదే అడవికి నేనూ వెళ్లాను.

వరంగల్‌లో రైలెక్కిన దగ్గర్నుంచి మా బాటనీ క్లాసు ఆడపిల్లలం ఒక్క కునుకు తీయలేదు. అడవిలోని చెక్క వంతెన మీద అడుగుపెట్టగానే అందరం ఒక్కసారే అరిచాం. పుస్తకంలో చూసి బొమ్మ గీసుకున్న శ్వాసవేర్లు బురదలోంచి గుంపులు గుంపులుగా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి, ఆకు నాకితే ఉప్పగా తగిలింది, చేపలు బురద మీద పాకుతున్నాయి!

మాకు తెలిసిన పెద్ద నీళ్లంటే ధర్మసాగర్ చెరువే కదా, అక్కడ ఒడ్డున విడిచిన చెప్పులు సాయంత్రానికీ అక్కడే ఉంటాయి. ఆ అలవాటుతోనే ఇక్కడా కాలువ ఒడ్డున చెప్పులన్నీ వరుసగా విడిచి, మా వెంట వచ్చిన బాటనీ సార్ వద్దంటున్నా ఎర్ర పీతల వెంట పడ్డాం. తిరిగొచ్చేసరికి ఒడ్డే లేదు. సముద్రపు పోటుకు నీళ్లు పైకొచ్చి, చెప్పులు ఒక్కొక్కటే చెట్ల సందుల్లోంచి ఊరేగుతూ పోతున్నాయి. మమ్మల్ని పడవలోకి ఎక్కించుకుంటూ పడవ నడిపే పెద్దాయన పడీపడీ నవ్వాడు.

"పోటొచ్చే ఏళకి చెప్పులు ఒడ్డునెట్టేరేంటమ్మా! మీ ఊళ్లో నీళ్లు కదలవా ఏంటి?"

"మా నీళ్లు మంచియి తాతా, చెప్పులెత్కపోవు" అని నా స్నేహితురాలు అనేసరికి పడవంతా ఒకటే గోల.

ఉత్త కాళ్లతో వరంగల్ మట్టెవాడలోని మా ఇంటికి చేరిన నన్ను చూసి అమ్మ ముందు నా అరికాళ్లు పట్టి చూసింది, తర్వాతే తిట్టింది. "చెప్పులు పోతే పోయినయ్ తియ్, నువ్వైతే వచ్చినవ్" అని, అన్నం కలిపి పెడుతూ అడవి ముచ్చటంతా మళ్లీ మళ్లీ చెప్పించుకుంది.

మా అందరికీ కలిపి సార్ ఫోన్ ఒక్కటే ఉండేది, అదీ ఆ అడవిలో పలకలేదు. నేను తిరిగొచ్చేదాకా అమ్మకు ఏ కబురూ లేదు. ఇప్పుడు బస్సు ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తుంది, టీచర్లు గంటగంటకూ ఫోటోలు పెడతారు. మన తరం తల్లులకు అన్నీ కనిపిస్తున్నాయి, మన అమ్మలకున్న నిబ్బరమే మనకు లేదు.

పొద్దున్నే స్కూలుకు సరేనని చెప్తాను. ఆ తర్వాత అమ్మకు ఫోన్ చేసి, కబురు లేకుండా ఎట్లా కూర్చోవాలో అడగాలి.