వీరమ్మ పెట్టిన కుడిచెయ్యి

వీరమ్మకి నవ్వు వస్తే ఆగదు. చావింట్లో నవ్వి తిట్లు తింది. తన పెళ్ళిలో తలంబ్రాలు పోస్తూ నవ్వి, అత్తగారి చేత మాట పడింది. కడియపులంక నర్సరీలో, సిమెంటు బొమ్మల షెడ్డులో, ఇరవై రెండేళ్ళుగా బుద్ధుడి విగ్రహాలు పోస్తోంది. అచ్చు విప్పగానే బయటపడే ఆ ముఖం చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. "ఇంత ఎండలో అంత చల్లగా ఎలా కూచున్నావయ్యా?" అని అడుగుతుంది.

ఆయన సంగతి ఆమెకి పెద్దగా తెలియదు. రాజుగారబ్బాయి, ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు, అంతే. కొనేవాళ్ళకీ అక్కర్లేదు. భీమవరం వైపు చెరువుల ఆసాములు గేటు పక్కకి, రిసార్టుల వాళ్ళు ఫౌంటెన్ పక్కకి పట్టుకెళ్తారు. ఎత్తెంత, వానకి రంగు పోతుందా, ఇవే ప్రశ్నలు. చేసిందెవరని ఒక్కరూ అడగలేదు.

యుగంధర్ మాస్టారు అడిగారు. రామచంద్రపురం దగ్గర పల్లెలో పాఠాలు చెప్పి రిటైరైన ఆయన, ఊరివాళ్ళతో కలిసి చిన్న ధ్యానమందిరం కట్టించారు. విగ్రహం పొయ్యమని చెప్పడానికొచ్చి, అరగంట ఆమె పని చూసి, "మీ పేరేంటమ్మా?" అన్నారు. వెళ్తూ వెళ్తూ, "వైశాఖ పౌర్ణమి నాడు పదింటికి ప్రారంభం. ముసుగు మీరే తియ్యాలి," అన్నారు.

ఆ వారమంతా వీరమ్మ కాలు నేల మీద నిలవలేదు. దుప్పటి కనిపిస్తే చాలు, ముసుగు తీసినట్టు తీసి చూసుకుంది. ఓసారి నిద్రపోతున్న మొగుడి మీద నుంచి తీసింది.

పౌర్ణమి రోజు పొద్దున్నే, నర్సరీ బండి తోలే బుల్లియ్య ట్రక్కులో వరిగడ్డి పరిచి, విగ్రహాన్ని కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది. కాలవగట్టు దాకా అంతా బాగుంది. అక్కడ బండి ఒక్కసారి ఎగిరింది. బుద్ధుడు పైకెత్తిన కుడిచెయ్యి మోచేతి దగ్గర ఠప్పున విరిగి పడింది. దాని మీద స్టెప్నీ టైరు పడింది. వేళ్ళన్నీ పిండైపోయాయి.

"నేను నెమ్మదిగానే వచ్చానక్కా," అన్నాడు బుల్లియ్య. "స్పీడుబ్రేకరే స్పీడుగా వచ్చేసింది."

ఏడవాల్సిన చోట వీరమ్మకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మందిరం చేరేసరికి ఎనిమిది. మాస్టారు విగ్రహాన్ని చూసి కుర్చీలో కూలబడ్డారు. "దారిలో చూసినవాళ్ళెవరో మందిరం కమిటీకి ముందే చెప్పేశారమ్మా. రాజమండ్రి షాపులో పాలరాతి బొమ్మ బండెక్కించి ఉంచారు. తొమ్మిదింటికి నేను ఫోను చేసి ఏదో ఒకటి చెప్పాలి."

"అది వస్తే ముసుగెవరు తీస్తారండి?"

మాస్టారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "ప్రెసిడెంటుగారు."

వీరమ్మ కొంగు దోపింది. రంగులకని తెచ్చిన సంచిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఉంది. కట్టుతీగ బుల్లియ్య బండిలో ఉంది. కొబ్బరి పీచుకి ఆ ఊళ్ళో కొదవా! మందిరం ఊడుస్తున్న ముసలి రత్తమ్మ క్షణంలో ఒడినిండా తెచ్చి పోసింది.

మొదటిసారి కలిపిన ప్లాస్టర్ పలచనై బుద్ధుడి బొజ్జ మీదుగా కారిపోయింది. రెండోసారి మరీ గట్టిగా కలిపితే గిన్నెలోనే రాయైంది. మూడోసారి కుదిరింది.

"మధ్యేమార్గం!" మాస్టారు కుర్చీలోంచి లేచారు. "అదీ ఆయన చెప్పింది! అంతఃపురంలో భోగాలన్నీ అనుభవించాడు. తర్వాత అడవిలో ఎముకలు తేలేదాకా పస్తులున్నాడు. రెండూ పనికిరావని తెలుసుకున్నాడు."

"రెండు గిన్నెలు పాడుచేశాక తెలిసిందన్నమాట," అంది రత్తమ్మ.

తీగకి పీచు చుట్టి, పూత పూసి, చెయ్యి పైకెత్తి నిలబెట్టింది వీరమ్మ. అందరూ ఊపిరి బిగబట్టారు. చెయ్యి మెల్లగా వాలి, వాలి, కింద పట్టుకున్న బుల్లియ్య నెత్తి మీద కూర్చుంది.

"ఆశీర్వదించాడ్రోయ్!" అని అరిచింది రత్తమ్మ.

నవ్వులతో మందిరం అదిరింది. కానీ ఎనిమిదీ ఇరవై ఐదు. వీరమ్మ చేతులు వణికాయి. "పట్టు చాలట్లేదండి, జారిపోతోంది. ఇంకేదైనా చెప్పండి మాస్టారూ, నాకు గుండె దడదడలాడుతోంది."

మాస్టారు ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. "ఆయన కనుక్కున్నవి నాలుగు మాటలమ్మా. దుఃఖం ఉంది. దానికి కారణం కోరిక. కోరిక పోతే దుఃఖం పోతుంది. అలా పోవడానికి ఓ దారి ఉంది. సరిగ్గా చూడటం, సరిగ్గా మాట్లాడటం, సరిగ్గా బతకటం, ఇలా ఎనిమిది."

"నాకిప్పుడు ఒకటే కోరికండి. ఈ చెయ్యి నిలబడాలి."

"దడ అందుకే మరి."

"కోరిక మానేస్తే నిలబడుతుందేంటండీ?"

"నిలబడదు. కానీ మీ చేతులు వణకవు."

వీరమ్మ పకపకా నవ్వింది. చేతుల వణుకు సగం తగ్గింది. "ఇదంతా ఈ పౌర్ణమికే తెలిసిందాండి ఆయనకి?"

"ఆయ్. పుట్టిందీ, జ్ఞానం కలిగిందీ, పోయిందీ ఈ పౌర్ణమికే అంటారు."

"మూడు పండగలూ ఒక్కరోజే! భోజనాలు కలిసొచ్చాయి," అన్నాడు బుల్లియ్య నెత్తి గోక్కుంటూ.

"జ్ఞానం కలగబోయే ముందు మారుడని ఒకడొచ్చి సేనతో చుట్టుముట్టాడు," మాస్టారు చెప్పుకుపోతున్నారు. "ఆ చోట కూర్చునే అర్హత నీకుందని ఎవరు సాక్షి అన్నాడు. ఆయన వెంట ఒక్కరూ లేరు. అప్పుడు కుడిచెయ్యి మోకాలి మీదుగా కిందికి చాచి, వేళ్ళు నేలకి ఆనించాడు. నేలే సాక్షి చెప్పింది. అలాంటి విగ్రహాలు కూడా..."

"ఏంటండీ?" వీరమ్మ గిన్నె వదిలేసింది. "నేలకి ఆనించొచ్చా? కిందికి పెట్టినా బుద్ధుడేనా?"

"నిక్షేపంగా బుద్ధుడేనమ్మా!"

"మరి ముందే చెప్పరేంటండీ! కిందికైతే ఆయన కూచున్న పీట మీద ఆనుకుని దానంతటదే నిలబడుతుంది కదా!"

మాస్టారు తల కొట్టుకున్నారు. ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి చెయ్యి బరువు సంగతి తోచలేదు.

ఇక ఆమెకి ఎవరి మాటా వినపడలేదు. మోచేతి నుంచి మోకాలి మీదుగా తీగ వంచింది, పీచు చుట్టింది, పూసింది. వేళ్ళకి నమూనా లేదు. తన కుడిచెయ్యి పీట మీద ఆనించి, దాన్నే చూస్తూ ఎడంచేత్తో వేళ్ళు తీర్చింది. చివరి వేలు తీర్చి దూరంగా జరిగింది. అందరూ చూశారు. చెయ్యి కదల్లేదు. బుల్లియ్య తుమ్మాడు. అయినా కదల్లేదు.

తొమ్మిదికి మాస్టారు బయటికెళ్ళి ఫోన్లో, "అక్కర్లేదండీ, అక్కర్లేదు! దింపేసుకోండి!" అని ఊరంతా వినేలా అరిచారు.

రత్తమ్మ మాత్రం చీపురు పట్టుకుని వంగి చూసింది. "ఏమే పిల్లా, ఎడంచెయ్యి రాజకుమారుడిది. కుడిది అచ్చం నీదే. గోళ్ళు కూడా అరిగిపోయున్నాయి."

వీరమ్మ గబగబా సరిచెయ్యబోయింది. "ఉండనివ్వండమ్మా," అన్నారు మాస్టారు. "ఆయనా పనిచేసి తెలుసుకున్నవాడే."

పదింటికి మందిరం నిండిపోయింది. ప్లాస్టర్ ఇంకా చెమ్మగానే ఉంది. ముసుగు వేలికి తగిలితే అంతే సంగతులు. మైకులో మాస్టారు, "ఈ విగ్రహం చేసినవారు వీరమ్మగారు," అన్నారు. గారు! వీరమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఇంకో వీరమ్మ ఎవరన్నా ఉన్నారేమోనని. బుల్లియ్య ముందుకి తోశాడు.

గుడ్డ రెండు అంచులూ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, నిటారుగా పైకెత్తింది. మోకాలు బయటపడింది. అరిగిన గోళ్ళ వేళ్ళు పీట మీద ఆనుకుని ఉన్నాయి. ఆపైన చల్లని ముఖం. జనం చేతులు జోడించారు. నిశ్శబ్దంగా ఉండాల్సిన ఆ క్షణంలో వీరమ్మకి నవ్వొచ్చేసింది. గుడ్డ నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. ముందు రత్తమ్మ అందుకుంది, ఆ తర్వాత మైకు పట్టుకున్న మాస్టారు, ఆపైన ఊరంతా.