తిరిగి చెప్పించే శేషాచలం

అవనిగడ్డలో దస్తావేజులు రాసే శేషాచలానికి ఒక పట్టుదల ఉండేది. కాయితం రాసి, చదివి వినిపించాక, సంతకాలకు ముందు రాయించుకునే ఇద్దరి చేతా దాన్ని వాళ్ల మాటల్లో తిరిగి చెప్పించేవాడు. చెప్పలేనివాడికి మళ్లీ మొదటినుంచీ చదివేవాడు. విసుగు పుట్టి కొందరు పక్క అరుగు మీది లేఖరి దగ్గరికి పోయేవారు. అలా పోయినవాళ్లలో సగంమంది ఏడాది తిరక్కుండా తగాదాతో వచ్చేవారని ఆయన ఇంట్లో చెప్పుకునేవాడు. భార్య శారదాంబకు తెలిసినంతలో వచ్చింది ఇద్దరే.

పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో, మాఘమాసంలో, ఒక్కసారి మాత్రం చెప్పించలేదు. నాగాయలంకలో పడవలు కట్టే వడ్రంగి దానియేలూ, గడ్డి వ్యాపారి శోభనాద్రీ వచ్చేసరికి బందరు బస్సు హారను కొడుతోంది. శేషాచలం అందులో వెళ్లాలి. ఏరువాక పున్నమికి పడవ కట్టి అప్పగిస్తాననీ, గడువు తప్పితే కూలి పుచ్చుకోకుండా రెండో పడవ కట్టి ఇస్తాననీ దానియేలు పేర గబగబా రాసి, వేలిముద్ర వేయించి, బస్సెక్కేశాడు.

పడవకి కర్ర తేవలసింది శోభనాద్రి. ఆ ముక్క కాయితంలోకి ఎక్కలేదు. ఆయన దుంగలు కొని కాలవ మీద బయల్దేరదీసేసరికే ఉగాది దాటింది. అవి పులిగడ్డ చేరేసరికి వేసవి మరమ్మతులకి కాలవ కట్టేశారు. బండ్ల మీద తెప్పించమని దానియేలు మూడుసార్లు వెళ్లి అడిగాడు. నీళ్లొదిలితే తేలిగ్గా వస్తాయిగా అన్నాడు శోభనాద్రి. ఏరువాక వచ్చింది, కర్ర రాలేదు. శోభనాద్రి కాయితం తీసి రెండో పడవ అడిగాడు. కూలి లేకుండా రెండు నెలలు పనంటే దానియేలు ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇద్దరూ శేషాచలం అరుగెక్కారు. ఆయన కాయితం రెండుసార్లు చదువుకున్నాడు. ఎక్కడా కొట్టివేత లేదు, ముచ్చటైన రాత.

"ఆ రోజు అడగాల్సింది అడగలేదు. ఇప్పుడు అడుగుతాను. శోభనాద్రిగారూ, మీరేం ఒప్పుకున్నారో మీ మాటల్లో చెప్పండి."

"ఏముందండీ పంతులుగారూ. ఉగాదికల్లా కర్ర తెచ్చి పడేస్తానన్నాను. రెండు నెలలు పడుతుందన్నాడు. అందుకని ఏరువాక..." శోభనాద్రి అక్కడే ఆగిపోయాడు.

"ఆగారేం శోభనాద్రిగారూ," అన్నాడు దానియేలు. "బస్సేం వెళ్లిపోవడం లేదుగా."

ముందు నవ్వింది శేషాచలమే. శోభనాద్రి మాత్రం, తాను కాయితంలో ఉన్నదే అడిగానని గొణిగాడు.

"రాయకపోవడం నా తప్పు. తేకపోవడం మీది. ఇందులో దానియేలుదేముంది?"

శోభనాద్రి తల గోక్కున్నాడు. అయితే ఇంకోటి రాయండన్నాడు.

కర్ర దానియేలు పాక ముందు పడిన రోజునుంచి రెండు నెలలని శేషాచలం కొత్త కాయితం రాశాడు. రాత కూలి పుచ్చుకోలేదు. ఇద్దరి చేతా తిరిగి చెప్పించాడు. దానియేలు బొటనవేలికి సిరా పూసుకుని, చెయ్యి గాల్లోనే ఉంచాడు.

"మరి మీరేం ఒప్పుకున్నారో మీరూ చెప్పండి పంతులుగారూ."

శేషాచలం కళ్లద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. తిరిగి చెప్పించనిదే ఎవరిచేతా వేలిముద్ర వేయించననీ, బందరుకి రోజుకి నాలుగు బస్సులున్నాయనీ చెప్పాడు.

దానియేలు వేలు ఒత్తాడు.