సారు పక్క కుర్చీ

మా పాత మేనేజరు సారు పోయారని మొన్న ఆదివారం కడప నుంచి ఫోన్ వచ్చింది. రిటైరయ్యాక ఆయన అక్కడే ఉంటున్నారు. చర్చికి బయలుదేరి, చెప్పులు తొడుక్కుంటూ అలాగే కూలబడిపోయారట. ఎవరి చేతా చేయించుకోకుండా పోయారు, అదొక్కటే ఊరట.

కర్నూలులో మా సిమెంటు కంపెనీ ఆఫీసులో మీటింగులకేం లోటు లేదు. సారు నడిపే మీటింగుల్లో మాత్రం ఆయన పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. ఎవరి మీద ఫిర్యాదు వచ్చినా, వాళ్ళను పిలిచి అందులో కూర్చోబెట్టేదాకా ఆ సంగతి ఎత్తనిచ్చేవారు కాదు. టీ కూడా మొదట వాళ్ళకే ఇప్పించేవారు. భయంతో వచ్చిన మనిషికి నోరెండుకుపోయి ఉంటుందని ఆయన నమ్మకం.

మీరెప్పుడైనా మీటింగుల్లో కూర్చుని ఉంటే తెలుస్తుంది, ఎదురుగా లేని మనిషి మీదికి తప్పు నెట్టడం ఎంత సులువో. నేను చేరిన కొత్తలో సరుకు లారీలు ప్లాంటులోనే నిలిచిపోయాయి. పంపించే పని నాది గనక నన్ను తీసేయాలని మీటింగులో మిగతావాళ్ళు తేల్చేయబోయారు. నాన్న మంచాన పడి ఉన్న రోజులవి. ఇల్లు నా జీతం మీదే నడుస్తోంది.

"ఆ పాపను పిల్చండప్పా. మనిషి ల్యాకుండా మనిషి మాటెందుకు?" అన్నారట సారు.

వెళ్ళి ఆ కుర్చీలో కూర్చున్నాను. "ముందు టీ తాగు పాపా. వీళ్ళు యాడికీ పోరు," అన్నారు. తాగాక నోరు పెగిలింది. లారీలు తూచే వేబ్రిడ్జి చెడిపోయిందని మా ఆఫీసరుకు ఆ రోజే చెప్పానన్నాను. అంతసేపూ నా మీద కేకలేసిన ఆ ఆఫీసరు నా ముఖం చూసి కాదనలేకపోయాడు. ఆ తర్వాత మా ఇంట్లో పొయ్యి వెలిగిందంటే సారు చలవే.

అలాగని ఆయన దేవుడేం కాదు. కోపం ముక్కు మీదే ఉండేది. ఎవరైనా మాట సాగదీస్తే చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టి, "ఏమప్పా, కత ఇంకా శానా ఉండాదా?" అనేవారు.

నిన్న ఆ మీటింగు హాల్లోనే సంతాప సభ జరిగింది. ఇప్పటి మేనేజరు కాగితం తీసి పొగడ్తలు చదవబోతుంటే నాకు ఉండబట్టలేదు. లేచి, ఖాళీ కుర్చీ ఒకటి ఆయన పక్కకు లాగాను. ఆయన దాన్ని చూసి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సారు నన్ను శానా తిట్నాడు. తిట్టినప్పుడల్లా నేను ఎదురుగానే ఉన్న్యా," అన్నాడు.

ఇంతలో మా ముసలి అటెండరు టీ తెచ్చాడు. ఎవరూ చెప్పకుండానే మొదటి కప్పు ఆ కుర్చీ ముందు పెట్టి, తర్వాత మా వైపు వచ్చాడు.