కాగితాన్ని నమ్మని సుబ్బరామయ్య సారు

కడపలో మాకందరికీ రసాయనశాస్త్రం బోధించిన సుబ్బరామయ్య సారు పన్నెండు రోజుల కిందట దివంగతులయ్యారు. కబురు వచ్చినప్పుడు నేను మా మందుల అంగడి షట్టర్ ఎత్తుతున్నాను. సగం ఎత్తి అలాగే నిలబడిపోయాను. డెబ్బై దాటిన ప్రాణమే, ఊహించనిదేమీ కాదు. అయినా మనసు అంగీకరించడం లేదు.

విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఆయన తలకెత్తుకున్న పని ఎవరూ అప్పగించింది కాదు. జిమ్ములకు వెళ్లేవాళ్లు కండల కోసం ఇంటర్నెట్‌లో పెప్టైడ్ అనే మందు పొడి తెప్పించుకొని, నీళ్లలో కలిపి సూదితో ఎక్కించుకోవడం మొదలైన రోజులవి. సీసాతో పాటు, సరుకు శుద్ధమైనదంటూ ఒక ల్యాబు సర్టిఫికెట్ వచ్చేది. ఎవరైనా తెచ్చి చూపిస్తే సారు దాన్ని భూతద్దం పెట్టి చదివేవారు. సీసా మీది బ్యాచ్ నంబరే కాగితం మీదా ఉందా? తయారీకి ముందే పరీక్ష జరిగినట్టు తేదీ పడిందా? అన్నీ కుదిరినా వెనుక పెన్సిల్‌తో 'ఇంకా నమ్మలేదు' అని రాసేవారు. "వాళ్లు పరీక్ష చేసింది ఏ సీసానో అప్పా, నీ చేతిలో ఉండేదాన్ని కాదు" అనేవారు. వినేవాళ్లు తక్కువ. "చెప్పి చెప్పి నోరు నొస్తాండాది" అంటూనే మరో కాగితం అందుకునేవారు.

నేనే ఒకసారి తప్పు చేశాను. రాయచోటిలో ఉండే మేనల్లుడు సర్టిఫికెట్ పంపితే, అందులో ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఎవరో మర్యాదగా "మేమే పరీక్షించాం" అన్నారు. వాడికి సరేనన్నాను. ఆ సంగతి సారుకు గర్వంగా చెప్పాను.

"ఆ నంబరు యాడిదప్పా?"

"కాయితం మీదిదే సార్."

"కాయితమే అబద్ధమైతే, దాని మీది నంబరు నిజం చెప్తాదా?"

పాత శిష్యుడి ద్వారా ఆ ల్యాబు అసలు నంబరు సంపాదించారు. అడిగితే, ఆ బ్యాచ్‌ను వాళ్లు చూడనే లేదని తేలింది. ఫోన్‌లో చెబితే మావాడు వినడని, ఒంట్లో జ్వరంతోనే నాతో రాయచోటి బస్సెక్కారు.

"అందరూ ఏసుకుంటాండారు సార్" అన్నాడు వాడు, సీసా వెనక్కి దాచుకుంటూ.

"నీకేమన్నా అయితే మీ మామ మళ్లా అంగట్లో కూసోలేడు నాయనా" అన్నారు సారు.

వాడు సీసా ఇచ్చేశాడు. నన్ను మాత్రం ఆయన ఒక్క మాట అనలేదు. తిరుగు బస్సులో ఆయన నిద్రపోయారు. నేను ఏడ్చాను.

నిన్న పెద్దకర్మ భోజనాల వేళ కోయిలకుంట్ల నుంచి ఒకాయన తన తమ్ముడి కాగితం పట్టుకొని వచ్చాడు. సారు యాడున్నారని అడిగాడు. చెప్పాను. "అట్లయితే దీన్ని నువ్వు చూస్తావాన్నా?" అన్నాడు.

చేయి చాచి తీసుకున్నాను. సారూ, ఇన్నాళ్లూ నేను పొరబడితే దిద్దడానికి మీరుండేవారు. ఇక నా మాటే ఆఖరు. మీ పాదాలకు నమస్కరించి చెబుతున్నాను, నాకు భయంగా ఉంది.