మా అనుమానాల సార్

మాకు మెడిసిన్ చెప్పిన సార్ పోయారని ఇరవై రోజుల క్రితం పాలకొల్లు నుంచి ఫోన్ వచ్చింది. "నిద్రలోనే, హాయిగా పోయారండి," అన్నాడు వాళ్ళ అల్లుడు. పోయారంటే నమ్మాను. హాయిగా అన్న మాటే నమ్మబుద్ధి కాలేదు. ఈ గుణం నాకు ఆయన పెట్టిందే.

సార్‌కి అన్నిటి మీదా అనుమానమే. రిపోర్టు మీద, మెషీన్ మీద, రోగి చెప్పే మాట మీద, అందరికంటే ఎక్కువగా మా మీద. "స్టెతస్కోపు చెవిలో పెట్టుకునే ముందు కళ్ళు తెరవండ్రా," అనేవారు. రోగి గుమ్మం దాటి బల్ల దగ్గరికి వచ్చేలోపే ఆయన పరీక్ష సగం అయిపోయేది.

నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు ఓ రోజు సముద్రం వైపు నుంచి చేపలమ్ముకునే ఆవిడ వచ్చింది. "గ్యాసండి బాబూ. సోడా తాగితే తగ్గుతుందండి," అంది. మా వైపు గుండెల్లో ఏం జరిగినా గ్యాసే. నేనూ గ్యాస్ బిళ్ళ రాసి పారేశాను. సార్ నా చేతిలో చీటీ లాక్కుని ఆవిడ వైపు తిరిగారు.

"బుట్ట నెత్తి మీదికి ఎవరు ఎత్తుతున్నారమ్మా?"

"ఇదివరకు నేనే ఎత్తుకునేదాన్నండి. రెణ్ణెల్ల నుంచి మా తోటికోడలండి."

"ఏం?"

"ఆయాసమండి."

సార్ నా తల పట్టుకుని ఆవిడ మెడ వైపు తిప్పారు. నిటారుగా కూర్చున్న మనిషికి మెడనరం ఉబ్బి దవడ దాకా కొట్టుకుంటోంది. "గ్యాస్ మెడలోకి ఎక్కిందంటావా, ఏంటి?" అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడకి గుండె కవాటం ఆపరేషన్ అయింది. తర్వాత చాలా ఏళ్ళు తన బుట్ట తనే ఎత్తుకుంది. ఆ తర్వాత నా చేతుల మీద ఎంతమంది గట్టెక్కినా అది ఆయన అనుమానం చలవే.

పెద్దకర్మ నాడు సార్ భార్యని పక్కకి పిలిచి అడిగాను, ఆయన ఎలా పడుకునేవారని.

"పడుకోవడం ఎక్కడిది బాబూ! పడుకుంటే ఊపిరాడక, మూడు నెలలుగా కుర్చీలోనే కునుకు తీసేవారు. కాళ్ళు వాచిపోయాయి. మేజోళ్ళు తొడుక్కుని ఎవర్నీ చూడనిచ్చేవారు కాదు."

"కిందటి నెల నేను సార్‌ని చూడ్డానికి వచ్చిన రోజు కూడానా అండి?"

"మీరొస్తున్నారని ఆ రోజు మేజోళ్ళు తీయించుకున్నారండి. నోటితో చెప్పొచ్చు కదా అంటే, 'వాడు డాక్టరు, నేను రోగిని. కనిపెట్టాల్సింది వాడు. వాడు కనిపెడితే ఆస్పత్రికి వస్తాను' అన్నారు."

ఆ రోజు నేను జున్ను తిన్నాను. పాత కబుర్లు చెప్పాను. ఆయన ఆయాసాన్ని వయసనుకున్నాను. లోకాన్నంతా అనుమానించమన్న మనిషిని మాత్రం అనుమానించాలని తోచలేదు. బయల్దేరేటప్పుడు వంగి, ఆ రెండు పాదాలూ చేతులతో పట్టుకుని కళ్ళకద్దుకున్నాను. బొటనవేలితో ఒక్కసారి నొక్కి చూస్తే వాపు తెలిసిపోయేది.

శిష్యులు వంగితే చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కునే మనిషి ఆ రోజు లాక్కోలేదు. నేను లేచేదాకా నా చేతుల్లో అలాగే ఉంచారు.