కందనకాయలో పదిహేడు రాళ్ళు

ఆ రోజుల్లో లెక్కకు అందనిది లోకంలో ఏదీ లేదని నా నమ్మకం. (ఎవరూ నేర్పకుండా నాకు నేనే నేర్చుకున్న లెక్కలు కదా, గర్వం నూటికి నూట ఇరవై పాళ్ళు ఉండేది.) పెళ్ళయ్యాక మొదటి దసరాకు గూడూరు దగ్గర అత్తగారింటికి పోతూ, జనగామ లైబ్రరీలో చదివిన ఒక సంగతిని కూడా మోసుకుపోయాను. కోట్ల ఏళ్ళ కిందట సముద్రంలో బతికిన పొడుగు మెడ జంతువు ఒకటి రాయిగా మారి దొరికితే, దాని పొట్ట ఉండే చోట గులకరాళ్ళు కుప్పగా ఉన్నాయట. నీళ్ళలో మునగడానికి బరువు కోసం మింగిందని కొందరు, తిన్నది నూరుకోవడానికని కొందరు. ఆ తగాదా నేనే తేల్చేద్దామనుకున్నాను.

జంతువు దొరకదు, రాళ్ళు మింగి కందనకాయలో దాచుకునే కోడి దొరుకుతుంది. మా వైపు కోడిని కోస్తే కందనకాయ అల్లుడిదే. అది పళ్ళెంలో పడగానే ఆత్రంగా "దీంట్ల రాళ్ళుండాలె గదా, ఏవి?" అన్నాను. అప్పట్లో అత్తమ్మ నాతో నేరుగా మాట్లాడేది కాదు, ఏదున్నా తలుపు చాటు నుంచి కూతురితోనే. "రాయొచ్చిందా? అడుగు బిడ్డా! మూడుసార్లు కడిగిన" అని కంగారుగా అంది. వినబడింది గాని నా తలకెక్కలేదు. సగం అన్నం వదిలి పెరట్లోకి పోయి, కోడిని శుభ్రం చేసిన చోట పుల్లతో కెలికి పదిహేడు రాళ్ళు ఏరాను. పక్కింటి అవుసలాయన బంగారం తూచే త్రాసులో వేస్తే పదకొండు గ్రాములు. కోడి కిలోన్నర. నూటికి ఒక పాలు కూడా కాదు! ఈ బరువుతో కోడే మునగదు, సముద్రపు జంతువేం మునుగుతుంది?

గెలిచినవాడిలా ఇంట్లోకి వస్తే నా భార్య ఎదురొచ్చింది. "అయినయా నీ లెక్కలు? అమ్మ అన్నం ముట్టలే. మంచిగ కడిగిన్నో లేదో చూడనీకి కొత్తల్లుడు పెంట కెలికిండని ఏడుస్తున్నది. వాడకట్టంత చూసిండ్రు!"

తలుపు ముందు కూచుని, రాళ్ళు గడప మీద పరిచి, ఆ జంతువు కథంతా చెప్పుకున్నాను. చెప్పడం అయ్యాక గడప మీది రాళ్ళు మళ్ళీ లెక్కపెట్టుకుంటూ కూచున్నాను. (ఆ రెండు నిమిషాలు ఎంత పొడుగో కొలిచే త్రాసు అవుసలాయన దగ్గర కూడా లేదు.) చివరికి తలుపు జర తెరుచుకుంది.

"దానికి పండ్లుండెనా అయ్యా?" మొదటిసారి నన్నే అడిగింది.

"ఉండె అత్తమ్మా. పట్టుకోనీకే గని, నమలనీకి పనికిరావు."

"మరింకేంది? నూరుకోనీకే మింగింది పాపం. నా దవడ పండ్లు ఊడినంక తెలిసింది, నమలకుంటె కడుపుకు ఎంత కష్టమో." కొంగుతో కళ్ళు తుడుచుకుని రెండు పళ్ళేలు తెచ్చింది. "రా బిడ్డా, నువ్వు గూడ కడుపునిండ తినలే."

ఆ తగాదా ఇంకా పూర్తిగా తెగలేదని ఈ మధ్య చదివాను. తెగినప్పుడు తెగనీ. పెరట్లో గొంతుక్కూచుని పుల్లతో కెలుకుతున్న ఆ పిల్లగాణ్ణి తలుచుకుంటే మాత్రం నవ్వూ వస్తుంది, కొంచెం జాలీ వేస్తుంది. ఒక్క రాయి తప్పిపోకుండా ఏరాడు గాని, పండుగపూట ఇంట్లో అన్నం తినని మనిషి ఒకరున్నారని పెళ్ళాం చెబితే గాని తెలియలేదు వాడికి.